ఒకే జోల, ముగ్గురి చేతుల్లో

చిరంజీవి సుధకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నాన్నకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది, పొద్దున్నే పార్కు దాకా నడిచి వస్తున్నారు. పార్వతి అత్తయ్య వాళ్ల గృహప్రవేశం మాఘమాసానికి వాయిదా పడింది. పెద్ద విశేషాలేమీ లేవు. తాతయ్య రికార్డుల బీరువా దులుపుతుంటే నీకు నచ్చినవి కొన్ని కనిపించాయి, రాయాలనిపించింది.

మొన్న బ్యాంకులో రజని వాళ్ల అమ్మ కలిసింది. రాత్రి రెండు దాటేదాకా నువ్వు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒకే పియానో పాట మళ్లీ మళ్లీ వింటున్నావట. పొద్దున ఏమీ తినకుండానే ఆఫీసుకు వెళ్తున్నావట. ఏం పాటో తెలుసా అని అడిగితే, ఊయల ఊపుతున్నట్టు ఉంటుందని రజని చెప్పిందంది. నాకు వెంటనే తెలిసిపోయింది. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ ఓపస్ 117లో, అంటే 117వ నంబరుతో అచ్చైన మూడు చిన్న పియానో పాటల్లో, మొదటి ఇంటర్‌మెజో, అంతేనా? తాతయ్య అది పెట్టినప్పుడల్లా ఆయన పడకకుర్చీ పక్కన నేలమీద పడుకుని వినేదానివి. రజనిని ఏమీ అనకు. ఆ పిల్ల నీ మంచికోరే చెప్పింది.

సరే, నేను రాద్దామనుకున్నది సంగీతం గురించి.

ఆ మూడు ఇంటర్‌మెజోలూ బ్రామ్స్ 1892 వేసవిలో ఆస్ట్రియాలోని బాద్ ఇష్ల్‌లో రాశాడు. అప్పటికి ఆయనకు దాదాపు అరవై ఏళ్లు. ఆ ఏడాదే అక్క పోయింది, ఎంతోకాలంగా ఆయన సంగీతాన్ని అర్థం చేసుకున్న స్నేహితురాలు ఎలిజబెత్ కూడా పోయింది. వాటిని తన దుఃఖాలకు జోలపాటలని ఆయనే అన్నాడు. మొదటిదాని నెత్తిన రెండు పంక్తుల కవిత అచ్చువేయించాడు. అది హెర్డర్ అనే రచయిత జర్మన్‌లోకి తెచ్చిన స్కాట్లాండ్ జోలపాట. బిడ్డా హాయిగా నిద్రపో, నువ్వు ఏడుస్తుంటే నా కడుపు తరుక్కుపోతోంది అని ఒక తల్లి పాడుతుంది. ఆ తల్లి ఎవరో నీకూ తెలుసు. మాటిచ్చి వదిలేసి వెళ్లిన మగవాడి బిడ్డను ఒళ్లో పెట్టుకున్న ఆడది. అందుకే, అన్ని పాటలుండగా ఇదే ఎందుకు వింటున్నావోనని నా మనసు కీడు శంకించింది. విజయవాడ వాళ్ల సంగతి ఇక ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. నాన్న కూడా ఎత్తరు. నేను చెప్పానుగా.

నీ దగ్గర ఉన్నది శేషు మామయ్య నీ పుట్టినరోజుకు ఇచ్చిన కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ సీడీయే అయి ఉంటుంది. 1960లో వాయించిన పది ఇంటర్‌మెజోలు. మంచి రికార్డింగే, కాదనను. అంతకు అయిదేళ్ల ముందు బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్లను పిడుగులా వాయించినవాడు ఇక్కడ ఒక్కొక్క స్వరాన్నీ వదల్లేక వదల్లేక వదులుతాడు. తీగను మెల్లగా సాగదీస్తున్నట్టు ఉంటుంది. కానీ రోజూ అదొక్కటే వింటే ఆ పాట అంతే అనుకుంటావు. పాట వేరు, గూల్డ్ ఆ రోజున్న తీరు వేరు. ఒకే పాటను ముగ్గురి చేతుల్లో వింటే తప్ప పాట ఏదో మనిషి ఏదో విడిపడి తెలియదు. తాతయ్య అందుకే ఒక రికార్డు తీసి వెంటనే ఇంకొకటి పెట్టేవారు.

ఈసారి జర్మన్ పియానిస్టు విల్హెల్మ్ కెంఫ్‌ది విను. మొదలే గమనించు. పైన ఒక స్వరం, కింద అదే స్వరం మోగుతూ ఉంటాయి. అసలు పాట ఆ రెంటి మధ్యన, పొత్తిళ్లలో పాపలా చుట్టుకుని ఉంటుంది. పైనున్న స్వరాన్ని గట్టిగా నొక్కితే పాట మునిగిపోతుంది. వాయించేవాడు తన కుడిచేతిలోనే ఒక వేలికి బరువిచ్చి మరో వేలిని తేలిక చేయాలి. ఆ బరువు ఎంతన్న దగ్గరే మనిషి మనిషికీ తేడా. కెంఫ్ మధ్యలోని పాటను పైకి ఎత్తిచూపడు, మామూలుగా కబురు చెప్తున్నట్టు వాయిస్తాడు. తరువాత రుమేనియా పియానిస్టు లుపుది విను. మధ్యలో పాట మైనర్ అనే విషాదపు స్వరశ్రేణిలోకి దిగి, నెమ్మదించి, చీకటిగా అవుతుంది చూడు, అక్కడ అతను ధ్వనిని ఎంత తగ్గిస్తాడో! అయినా ఒక్క స్వరమూ పోదు. ఆ తరువాత మొదటి పాట తిరిగి వస్తుంది. రాత్రి రెండింటికి వినేవాళ్లు ఆ తిరిగి రావడం దాకా మెలకువగా ఉంటారో లేక చీకటి భాగాన్నే వెనక్కి తిప్పి వింటారో నాకు తెలియదు. తిరిగి వచ్చేదాకా విను తల్లీ. అది కూడా బ్రామ్స్ రాసిందే.

అన్నట్టు, ఇయర్‌ఫోన్లతో వద్దు. చిన్నప్పుడు నీకు చెవిపోటు వచ్చి ఎంత అవస్థపడ్డామో గుర్తుందిగా. స్పీకరులో పెట్టి, పక్కన రజనిని కూర్చోబెట్టుకుని, పగటిపూట విను. ఇవి ఇళ్లలో, తెలిసిన నలుగురి మధ్య వాయించుకోవడానికి సరిపోయే పాటలు. స్వరకర్త షోపాన్ అయితే పెద్ద సభలంటేనే భయపడేవాడు, ఎక్కువగా స్నేహితుల ఇళ్లలోనే వాయించేవాడు. గూల్డ్ ఒంటరి మనిషి అంటావేమో. అతను 1964లో కచేరీలు మానేసి స్టూడియోలోనే ఉండిపోయిన మాట నిజమే. కానీ అర్ధరాత్రి స్నేహితులకు ఫోను చేసి గంటల తరబడి మాట్లాడేవాడు. నువ్వు అదీ చేయడం లేదు కదా.

లుపుకు బుఖారెస్ట్‌లో నేర్పిన ఫ్లోరికా ముసిచెస్కూయే అంతకు చాలా ముందు అదే దేశపు పియానిస్టు దీనూ లిపాటికీ నేర్పింది. లిపాటి పేరు వచ్చింది కాబట్టి చెప్తున్నాను. తాతయ్య చెప్పేటప్పుడు నువ్వు సగంలోనే నిద్రపోయేదానివి, పూర్తిగా వినలేదు.

లిపాటికి లింఫు గ్రంథుల క్యాన్సరు, హాడ్జ్‌కిన్స్. 1950 వేసవిలో కార్టిజోన్ మందు పనిచేసి కొన్ని వారాలు కోలుకున్నాడు. ఆ జూలైలో జెనీవాలో షోపాన్ వాల్ట్జులు, అంటే నాట్యపు లయలో ఉండే పాటలు, పద్నాలుగూ రికార్డు చేశాడు. మందు ప్రభావం తగ్గిపోయింది. సెప్టెంబరు 16న ఫ్రాన్స్‌లోని బెసాన్సోన్‌లో కచేరీ ఒప్పుకుని ఉన్నాడు. వైద్యులు వద్దన్నారు. భార్య మడలీన్ తల్లడిల్లింది. అయినా వెళ్లాడు. ఆ కచేరీ రికార్డింగు ఉంది. మొదట్లోనే ఒక చిన్న సంగతి వినిపిస్తుంది. బాఖ్ పార్టిటా మొదలుపెట్టే ముందు పియానో మీద ఒకసారి స్వరాలను అలా కింది నుంచి పైకి మీటుతాడు. వేళ్లు ఉన్నాయా అని చూసుకున్నట్టు ఉంటుంది. అంతే, ఆ తరువాత బాఖ్‌లో నీరసం జాడ కనపడదు. తరువాత మొజార్ట్ ఎ మైనర్ సొనాటా, షూబర్ట్ ఇంప్రాంప్టులు రెండు, చివరికి వాల్ట్జులు. వాటిని అచ్చులో ఉన్న వరుసలో కాకుండా తనకు తోచిన వరుసలో వాయిస్తాడు. ఒక్కొక్కటీ నురగలా లేస్తుంది. పదమూడు అయ్యాయి. పద్నాలుగోది, ఓపస్ 34లో మొదటిది, ఎంత ఉత్సాహంగా దూకుతుందో నీకు తెలుసు. దానికి ఇక శక్తి లేదు. దాని బదులు బాఖ్ భక్తిగీతం ఒకటి నెమ్మదిగా వాయించి లేచాడు. అది రికార్డులోకి ఎక్కలేదు. డిసెంబరు 2న పోయాడు, ముప్పైమూడేళ్లకే.

తాతయ్య ఆ పదమూడూ అయ్యాక జూలైలో చేసిన రికార్డు తీసి పద్నాలుగోది పెట్టేవారు. అప్పుడుగానీ భోజనానికి లేచేవారు కాదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, శక్తి లేనప్పుడు లేదని పదిమందికీ తెలియనిచ్చాడు ఆ మనిషి. వాయించగలిగింది వాయించాడు, వాయించలేనిది వదిలేశాడు. పక్కన భార్య ఉంది, ఎదురుగా సభ ఉంది. నువ్వు తలుపు వేసుకుని కూర్చుంటే మాకేం తెలుస్తుంది? ఆఫీసులో ఎవరైనా ఏమైనా అన్నారా? ఒంట్లో బాగుండటం లేదా? రక్తపరీక్ష చేయించుకోమని దసరాకు వచ్చినప్పుడే చెప్పాను. చేయించుకున్నావో లేదో చెప్పలేదు. జుట్టు రాలుతోందని కూడా అన్నావు. ఆడపిల్లలకు ఒంట్లో ఇనుము తగ్గితే నిద్రపట్టకపోవచ్చు, ఏడుపు రావచ్చు, మనసు ఊరికే కుంగిపోవచ్చు. దానికి బ్రామ్స్ చాలడు. మునగాకు తినాలి, ఖర్జూరాలు తినాలి.

ఆదివారం పొద్దున పదింటికి నేనే ఫోను చేస్తాను. స్పీకరులో పెట్టు. ఇటు నేనూ నాన్నా, అటు నువ్వూ రజనీ, ఒకేసారి లుపుది మొదలుపెడదాం. ఆ పాట పట్టున ఆరు నిమిషాలు కూడా ఉండదు. అయ్యాక ఏమీ మాట్లాడాలని లేకపోతే మాట్లాడకు, ఫోను మాత్రం పెట్టేయకు. పదింటికి ముందే ఇడ్లీయో ఉప్మానో ఏదో ఒకటి తిని ఉండు.

ఇట్లు,
అమ్మ

ఇంకో మాట: మునగాకు పొడి, సున్నుండలు పార్సిల్ చేశాను, శుక్రవారానికి అందవచ్చు. సున్నుండలు రజనికి కూడా పెట్టు. పొడి గాజు సీసాలోకి మార్చుకో, కవర్లో ఉంటే చెమ్మ పట్టేస్తుంది. విజయవాడ నుంచి ఎవరైనా ఫోను చేస్తే ఎత్తకు, నాన్న నంబరు ఇవ్వు.