పతకం ఎవరిదో తెలియాలి కదా

సంపాదకుడు గారికి,

పాత పతకాల సేకరణపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. జార్జ్ వాషింగ్టన్ సొంత సిన్సినాటి ఈగిల్, అంటే సిన్సినాటి సొసైటీ అనే సంఘం సభ్యులు పెట్టుకునే గద్ద ఆకారపు పతకం, 2007లో న్యూయార్క్ వేలంలో దాదాపు 53 లక్షల డాలర్లు పలికిందని రాశారు. నిజమే, కానీ అంత రేటు ఎందుకొచ్చిందో రాయలేదు. అందులో బంగారం ఎంతని! ఆ పతకం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో మొత్తం తెలుసు కాబట్టే ఆ ధర. వాషింగ్టన్ అమెరికా స్వాతంత్ర్య యుద్ధ సేనాధిపతి కదా, ఆయన పోయాక, ఆ యుద్ధంలో ఆయనతో కలిసి పోరాడిన ఫ్రెంచి సేనాని లాఫాయెట్ 1824లో అమెరికా వచ్చినప్పుడు ఆయనకి ఆ ఇంటివాళ్లే దాన్ని ఇచ్చారు, ఆయన వారసులు తరతరాలుగా దాచారు, చివరికి వేలంలో కొన్నది కూడా ఫ్రాన్సులో లాఫాయెట్ ఒకప్పుడు నివసించిన లాగ్రాంజ్ కోటను చూసుకునే ఫౌండేషనే.

సిన్సినాటి సొసైటీని 1783లో ఆ స్వాతంత్ర్య యుద్ధం చేసిన సైనికాధికారులు పెట్టుకున్నారు, సభ్యత్వం పెద్దకొడుక్కి వెళ్తుంది. ఈ వారసత్వం పద్ధతి బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కి అస్సలు నచ్చలేదు, గౌరవం ఇస్తే కన్న తల్లిదండ్రులకి ఇవ్వాలి గానీ పిల్లలకెందుకని కూతురికి ఉత్తరం రాశాడు. నాకూ ఆయన మాటే సబబనిపిస్తుంది, అయినా పతకాల మీద ఇష్టం పోలేదు.

ఇక్కడ అమెరికాలో మనవాళ్లు కొందరు నాణేలతో మొదలుపెట్టి ఇటు వస్తున్నారు. వాళ్లకి నేను చెప్పేది, ముందు లాయల్ లీజియన్ పతకాలు చూడండి. లింకన్ హత్య తర్వాత 1865లో ఫిలడెల్ఫియాలో పుట్టిన సంఘం అది, అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది వైపు పోరాడిన అధికారులది, ఆ వైపు సేనానులు గ్రాంట్, షెర్మన్ కూడా సభ్యులే. ఆ పతకాల మీద నంబరు చెక్కి ఉంటుంది, సంఘం అచ్చువేసిన పాత సభ్యుల జాబితాలతో సరిచూస్తే అది ఏ అధికారిదో చాలాసార్లు తెలిసిపోతుంది, అక్కడి నుంచి ఆయన రెజిమెంటు, చేసిన యుద్ధాలు, అన్నీ తవ్వుకోవచ్చు.

నాకు కడుపుమండేది డీలర్ల పనితో. ఒకచోట పతకానికో రేటు, తోలుపెట్టెకి ఇంకో రేటు పెట్టారు, సభ్యత్వ పత్రాన్నయితే గోడకి తగిలించుకునేవాళ్లకి అప్పటికే అమ్మేశారట. ఆ మూడూ మళ్లీ కలవడం జరిగే పని కాదు. మెరవాలని పాలిష్ పట్టించి నీలం ఎనామెల్ పెచ్చులూడగొట్టేవాళ్లు ఇంకొందరు.

తర్వాతి వ్యాసంలో ధరల ముచ్చట కాస్త తగ్గించి, నంబరు ఎలా చదవాలో, కాగితాలు ఎందుకు విడదీయకూడదో ఫొటోలతో వేయండి.

– ఒక పాఠకుడు, న్యూజెర్సీ