రంగులు తర్వాత, ముందు గెడ్డలు గీయండి: పురపాలక మంత్రి గారికి విశాఖవాసుల బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

విశాఖ మహానగర ప్రాంతానికి 2041 దాకా వర్తించే మాస్టర్ ప్లాన్ 2021లో వచ్చింది. దాన్ని సవరిస్తామని ప్రభుత్వం చెప్పింది. దానికి తోడు రాష్ట్రం 2047 నాటికి ఎలా ఉండాలో చెప్పే స్వర్ణాంధ్ర 2047 పత్రం ఉంది. నగరం ఎలా ఉండాలని కోరుకుంటున్నారో చెప్పమంటే జనం ఏం చెబుతారో మీకు తెలియంది కాదు: పచ్చగా ఉండాలి, శుభ్రంగా ఉండాలి, ట్రాఫిక్ ఉండకూడదు. కాదనేవాళ్లెవరు? అలాంటి కోరికల పట్టీ ఇంకొకటి పంపడం మా ఉద్దేశం కాదు. మేం అడిగేది ఒక్కటే. రోడ్లు గీసే ముందు, జోన్లకు రంగులు వేసే ముందు, నీళ్లు పోయే దారులను, అంటే మా వైపు గెడ్డలని పిలిచే వాగులను, సర్వే నంబర్లతో, మట్టాలతో గీయండి. మిగతావన్నీ ఆ పటం మీద పరచండి.

విశాఖలోనే ఈ వరస ఎందుకంటే, ఊరి పుట్టుక అలాంటిది. ఉత్తరాన కైలాస కొండ, దక్షిణాన యారాడ కొండ, తూర్పున సముద్రం, మధ్యలో పళ్లెంలాంటి పల్లం. 1933లో మొదలైన ఇన్నర్ హార్బర్‌ను ఉప్పుటేటి చిత్తడి నేలను తవ్వి కట్టారు. విమానాశ్రయం కూడా ఆ పల్లం అంచునే ఉంది. కొండ మీద పడ్డ వాన నిటారుగా దిగి కాసేపట్లోనే కాలనీల్లోకి వస్తుంది, అక్కడి నుంచి సముద్రం దాకా వాలు ఉన్నట్టే ఉండదు. పైగా ఇక్కడ పోటుకూ పాటుకూ తేడా పౌర్ణమి, అమావాస్యల్లో దాదాపు ఒకటిన్నర మీటర్లు. పెద్ద వాన, పోటు ఒకే వేళకు వస్తే హార్బర్‌లో కలిసే కాల్వల నోళ్లు మూసుకుపోయినట్టే. చావులమదుం, జ్ఞానాపురం వైపు నీళ్లు నిలిచినప్పుడు పూడిక తీయలేదని నగరపాలక సంస్థ (జీవీఎంసీ) సిబ్బందిని తిడతాం. పూడిక ఒక కారణమే. నోటి దగ్గర సముద్రం ఎంత ఎత్తులో ఉందన్నది రెండో కారణం. దాన్ని లెక్కలోకి తీసుకోని డ్రెయిన్ డిజైన్ ఎంత వెడల్పుగా ఉన్నా లాభం లేదు.

లెక్క చూడండి. కొండ కింద 100 హెక్టార్ల భూమి ఉందనుకుందాం. గంటకు 50 మిల్లీమీటర్ల వాన. చెట్లు, పొదలు, మట్టి ఉన్నప్పుడు అందులో సుమారు 30 శాతం నీరే పారుతుంది. అంటే సెకనుకు 4 ఘనపు మీటర్ల పైచిలుకు. అదే భూమి లేఅవుటై, సిమెంటు రోడ్లు, మేడలు వస్తే 80 శాతం పారుతుంది. సెకనుకు 11 ఘనపు మీటర్లు. కింద ఉన్న కల్వర్టు మాత్రం పాతదే. 2 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటర్ల ఎత్తు ఉన్న పెట్టె కల్వర్టులో నీరు సెకనుకు 2 మీటర్ల వేగంతో పోయినా 6 ఘనపు మీటర్లే పడుతుంది. సగం పూడితే 3. దాని మధ్యలోంచి ఒక మంచినీటి పైపు, రెండు కేబుళ్లు అడ్డంగా పోతే, వాటికి ప్లాస్టిక్ సంచులు చుట్టుకుంటే, మిగిలేది ఎంతో వేరే చెప్పనక్కర్లేదు. పైన లేఅవుటుకు అనుమతి ఇచ్చేది ఒక ఆఫీసు, కింద కల్వర్టు చూసేది మరొకటి. ఈ 4 నుంచి 11కు పెరిగిన లెక్క ఏ ఫైల్లోనూ ఉండదు.

అందుకే పటం గురించి ఇంత పట్టుబడుతున్నాం. ఒకటికి పదివేల స్కేలు పటంలో ఒక మిల్లీమీటరు గీత అంటే నేల మీద 10 మీటర్లు. ఒకటికి పాతికవేలైతే 25 మీటర్లు. ఆరు మీటర్ల గెడ్డ అందులో కనబడనే కనబడదు. కనబడనిదాన్ని కాపాడమని ఎవరిని అడగాలి? రంగుల పటం చూసి 'మీ గెడ్డ గ్రీన్ జోన్‌లో ఉంది' అని అధికారి చెప్పడం, అదే పటం చూపించి 'నా స్థలంలో గెడ్డే లేదు' అని ఆసామి వాదించడం, రెండూ జరుగుతాయి.

పని ఎలా చేయాలో కూడా రాస్తున్నాం. రెవెన్యూ శాఖ దగ్గర గ్రామాలవారీ ఎఫ్ఎంబీ నక్షాలు (ప్రతి సర్వే నంబరు కొలతలు చూపేవి), ఆర్ఎస్ఆర్ (సర్వే నంబర్ల పాత రిజిస్టరు) ఉన్నాయి. వాటిలో గెడ్డ పోరంబోకు, వాగు పోరంబోకు, చెరువు గర్భం, బంద (చిన్న చెరువు) అని రాసి ఉన్న ప్రతి సర్వే నంబరునూ ముందు ఒక జాబితాగా తీయాలి. ఆ హద్దులను డీజీపీఎస్‌తో (ఉపగ్రహాల సాయంతో కచ్చితంగా కొలిచే పరికరంతో) నేల మీద గుర్తించి, ఇప్పటి డ్రోన్ చిత్రం మీద పరచాలి. ఆ తర్వాత గెడ్డ పొడవునా ప్రతి 50 మీటర్లకు అడుగు మట్టం, రెండు గట్ల మట్టం, వెడల్పు కొలవాలి. ప్రతి కల్వర్టుకూ నంబరు ఇచ్చి, లోపలి వెడల్పు, ఎత్తు, అడుగు మట్టం, అడ్డంగా పోయే పైపులు రాసుకోవాలి. సముద్రంలోనో హార్బర్‌లోనో కలిసే చోట పోటు మట్టం రాయాలి. ఎర్రిగెడ్డ, గంగులగెడ్డలతో మొదలుపెట్టి మేఘాద్రిగెడ్డ, నరవ గెడ్డ దాకా ఇలా చేయొచ్చు. ఎర్రిగెడ్డను చాలామంది మురుగుకాల్వ అనే అనుకుంటారు, పేరులో గెడ్డ ఉన్నా సరే.

ఇక్కడే నిబంధనలోని ఒక లొసుగు మీ దృష్టికి తేవాలి. 2017 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 మీటర్ల కంటే వెడల్పైన వాగు, కాల్వ, వరదనీటి డ్రెయిన్‌కు హద్దు నుంచి 9 మీటర్లు వదలాలి. 10 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు చాలు. చెరువులకైతే 10 హెక్టార్లు, ఆపైన ఉంటే పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, తక్కువైతే 9 మీటర్లు. కాగితం మీద బాగానే ఉంది. కానీ గెడ్డ వెడల్పు ఏ రోజుది? నక్షాలో 12 మీటర్లున్న గెడ్డను ఇరువైపులా పూడ్చి 8 మీటర్లు చేస్తే, ఇప్పటి వెడల్పు కొలిచే అధికారి లెక్కలో వదలాల్సిన జాగా 9 నుంచి 2 మీటర్లకు పడిపోతుంది. అంటే ఆక్రమించినవాడికి గెడ్డలో దక్కింది కాక గట్టు మీద ఇంకో 7 మీటర్లు బహుమానం. వెడల్పు అంటే ఎఫ్ఎంబీలో ఉన్న వెడల్పేనని ఒక్క వాక్యం చేర్చండి. 2 మీటర్ల నియమాన్ని కూడా మార్చాలి. పూడిక తీసే జేసీబీ గట్టు వెంట నడవాలంటే కనీసం మూడున్నర మీటర్లు కావాలి. అది లేకనే మనుషులను దింపుతున్నారు, లేదా తీయకుండా వదిలేస్తున్నారు.

గెడ్డకు రెండు వైపులా కాంక్రీటు గోడలు కట్టి, పైన పలక వేసి రోడ్డు చేసే పద్ధతి మాకు నచ్చదు. గోడల మధ్య నీరు వేగంగా పోయి పైవాడికి మేలు, కిందివాడికి వరద. పలక వేస్తే పూడిక తీయడానికి దారి ఉండదు. తప్పనిసరై మూస్తే ప్రతి 15 మీటర్లకైనా మనిషి కాదు, యంత్రం దిగేంత తెరుపు ఉంచాలి.

పూడికతీత కాలం గురించి చిన్న మాట. టెండర్లు మే, జూన్ చూసి పిలుస్తారు. విశాఖకు గట్టి వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లో, తుపానుల వెంట వస్తాయి. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. జూన్‌లో తీసిన కాల్వ సెప్టెంబరుకు మళ్లీ పూడుతుంది కాబట్టి రెండో విడత కూడా టెండరులోనే ఉండాలి. తీసిన మట్టిని గట్టు మీదే కుప్ప పోసి పోతే తర్వాతి వానకు అది కాల్వలోకే చేరుతుంది. 48 గంటల్లో ఎత్తుకెళ్లకపోతే బిల్లు చెల్లించకూడదన్న షరతు పెట్టండి.

కొండవాలు ప్రాంతాల సంగతి వేరుగా చూడాలి. అక్కడ ఉన్నవాళ్లలో ఎక్కువమంది కూలినాలి చేసుకునేవాళ్లు, ఖాళీ చేయమనడం తేలిక, చోటు చూపడం కష్టం. ఇక్కడి కొండలు ఖోండలైట్ రాయి. అది శిథిలమై ఎర్రమట్టిగా మారిన చోట, నీరు నిండితే జారుతుంది. ఇంటి కోసం వాలును నిలువుగా కోసి గోడ కడతారు, గోడకు నీరు కారే రంధ్రాలు పెట్టరు. వెనక మట్టి నీరు తాగి బరువెక్కి గోడను తోసేస్తుంది. గోడలో ఒకటిన్నర, రెండు మీటర్లకొకటి చొప్పున 75 నుంచి 100 మిల్లీమీటర్ల పైపులు, వాటి వెనక కంకర పొర, గోడ పైన నీటిని పక్కకు మళ్లించే చిన్న కాల్వ ఉంటే చాలా గోడలు నిలుస్తాయి. కొత్తగా ఎంత వాలు దాటితే కట్టకూడదో ఎత్తుపల్లాలు చూపే కాంటూరు పటంతో ప్లానులో రాయండి.

మెట్రో మాకు కావాలి. మొదటి దశలో మూడు కారిడార్లు, 46.23 కిలోమీటర్లు అన్నారు. పెద్ద కారిడార్ స్టీల్ ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా, ఎక్కువగా జాతీయ రహదారి 16 వెంటే. హనుమంతవాక నుంచి మధురవాడ దాకా ఆ రహదారి కొండకూ సముద్రానికీ మధ్యన పోతుంది. కొండ నీళ్లన్నీ రోడ్డు కింది కల్వర్టుల గుండానే దాటాలి. పిల్లర్ల పునాదులు వాటికి అడ్డం పడితే, స్తంభాలు లేచాక సరిదిద్దడం అయ్యే పని కాదు. కల్వర్టుల పట్టిక ముందు, పిల్లర్ల స్థానాలు తర్వాత.

తీరం విషయంలో కారణం తెలిసిందే. ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. ఔటర్ హార్బర్ బ్రేక్‌వాటర్లు (అలలను ఆపే గోడలు) కట్టాక అది దక్షిణం వైపే ఆగిపోతోంది, ఆర్కే బీచ్ కోతకు గురవుతోంది. పోర్టు డ్రెడ్జింగ్‌తో తీసిన ఇసుకను బీచ్‌కు పంపడం దయ కాదు, బాకీ తీర్చడం. ఏటా ఎన్ని ఘనపు మీటర్లు, ఏ నెలలో అన్నది ప్లానులో అంకెలుగా ఉండాలి. ఎర్రమట్టి దిబ్బలు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. దిబ్బల చుట్టూ కంచె వేస్తే సరిపోదు. వాటిని చెక్కేది నీరే కనుక, పైనుంచి నీరొచ్చే భూమిలో లేఅవుట్లు వేస్తే కంచె లోపల దిబ్బ కరుగుతుంది.

తీరం పక్క అపార్టుమెంట్ల బోర్లకు కూడా ఒక హద్దు కావాలి. భూగర్భంలో మంచినీటి మట్టం సముద్ర మట్టానికి పైన ఒక మీటరు తగ్గితే, కింద ఉప్పునీటి పొర దాదాపు 40 మీటర్లు పైకి వస్తుందన్నది పాత సూత్రం. ఒకసారి ఉప్పెక్కిన బోరు తొందరగా మంచిది కాదు.

నగరం తాగేది ఎక్కడెక్కడి నీళ్లో కూడా ప్లాను మొదటి పేజీల్లో ఉండాలి: ఏలేరు, రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ, గంభీరం. ఏలేరు నీరు 150 కిలోమీటర్ల పైబడిన కాల్వలో వస్తుంది, దారిలో రైతులూ ఉన్నారు, స్టీల్ ప్లాంటూ ఉంది. 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్‌కు ఒప్పందం కుదిరింది. వద్దనడం లేదు. చల్లబరచడానికి రోజుకు ఎన్ని లీటర్లు, ఏ వనరు నుంచి, కరువు ఏడాదిలో ముందు ఎవరికి కోత పడుతుంది? ఈ మూడింటికీ జవాబు ఒప్పందంలో ఎక్కడుందో బయటపెట్టండి. మురుగు శుద్ధి చేసిన నీరే వాడాలన్న షరతు పెట్టడానికి ఇదే సమయం.

2020 మే 7న ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే రసాయనం ఆవిరికి 12 మంది చనిపోయారు. ఆ ఫ్యాక్టరీ 1960లలో వచ్చినప్పుడు చుట్టూ ఇన్ని ఇళ్లు లేవు. తర్వాత ఇళ్లకు అనుమతులిచ్చిందీ ప్రభుత్వ యంత్రాంగమే. ప్రమాదకర రసాయనాలు నిల్వ చేసే ప్రతి చోటుకూ చుట్టూ ఎంత దూరం నివాసాలు ఉండకూడదో పటంలో గీయమంటున్నాం. గాలి వీచే దిక్కును బట్టి ఆ హద్దు గుండ్రంగా ఉండదు.

చివరగా, అభ్యంతరాలు తీసుకునే తీరు. ముసాయిదా పటాలు, నివేదికలు తెలుగులో ఉండాలి. 98 వార్డుల్లో ప్రతి సచివాలయంలోనూ ఆ వార్డు పటం పెద్ద అచ్చులో గోడకు ఉండాలి, ఎవరి సర్వే నంబరు వాళ్లకు కనబడేంత పెద్దగా. ఇచ్చిన ప్రతి అభ్యంతరానికీ రసీదు, తర్వాత ఒప్పుకున్నారా లేదా, ఎందుకన్నది ఒక్క వరుసైనా ఉన్న పట్టిక కావాలి. సవరించిన ప్లానులో ఏ సర్వే నంబరు జోన్ మారిందో విడిగా జాబితా ఇవ్వాలి. రాజ్యాంగం 243 జెడ్‌ఈ అధికరణం చెప్పే మహానగర ప్రణాళికా సంఘంలో కనీసం మూడింట రెండు వంతుల సభ్యులను స్థానిక సంస్థల ప్రతినిధులే ఎన్నుకోవాలి. ముసాయిదా ఆ సంఘం ముందుకు వెళ్లాలి.

అన్ని గెడ్డలూ ఒకేసారి సాధ్యం కాదని తెలుసు. ఎర్రిగెడ్డ, గంగులగెడ్డల పటాలు, కల్వర్టుల పట్టిక సెప్టెంబరు నాటికి వార్డు సచివాలయాల గోడల మీద పెట్టించండి. అక్టోబరు వానలో నీళ్లు ఎక్కడ దాకా వచ్చాయో మేం కొలిచి, కల్వర్టు నంబరుతో సహా రాసి పంపుతాం.

ఇట్లు,
విశాఖపట్నం నగరవాసులు