రాతను ఆపిన ఉత్తర్వు ప్రతిని రాసినవారికి ఇవ్వండి

కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ మంత్రివర్యులకు నెల్లూరు నుంచి ఒక పౌరుడు నమస్కరించి రాయు బహిరంగ లేఖ.

అయ్యా,

ఇంటర్నెట్‌పై ఏ ఆంక్షా ఉండరాదని నేను వాదించడం లేదు. పిల్లలపై అకృత్యాల దృశ్యాలనూ, ఊళ్లలో చిచ్చు పెట్టే కల్పిత వీడియోలనూ తొలగించవలసిందే. నా అభ్యంతరమల్లా 2009 నాటి నియమాలలోని 16వ నియమం మీద. ఇంటర్నెట్‌లోని రాతలను ఆపించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చే ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద వచ్చే ఫిర్యాదులనూ, వాటిపై తీసుకున్న చర్యలనూ గోప్యంగా ఉంచాలని అది ఆదేశిస్తోంది. 8వ నియమం నోటీసు ఇమ్మంటున్నా, రాసిన వ్యక్తికి గానీ, వేదికను నడిపే సంస్థకు గానీ ఇస్తే చాలన్నట్టుగా ఉండటంతో, తన రాత దేశంలో ఎందుకు తెరుచుకోవడం లేదో రాసినవారికే తెలియని పరిస్థితి ఏర్పడుతోంది.

2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు, ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరంగా చూసే 66ఏ సెక్షన్‌ను కొట్టివేసి 69ఏను నిలబెట్టింది. కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయాలి కనుక వాటిని రిట్ పిటిషన్‌లో ప్రశ్నించవచ్చన్నది అందుకు చూపిన ఆధారాలలో ఒకటి. చేతికందని ఉత్తర్వును హైకోర్టులో ఎలా ప్రశ్నించాలో మీ శాఖే చెప్పాలి.

జమీన్ రైతు వారపత్రిక 1930లో పుట్టిన ఊరు మాది, అందుకే పాత సంగతి ఒకటి గుర్తు చేయక తప్పడం లేదు. 1931 నాటి పత్రికా చట్టం ఎంత కర్కశమైనదైనా, ధరావతు కట్టమనే నోటీసు కాగితం మీద ప్రెస్సు యజమానికి అందేది. జప్తు చేస్తే హైకోర్టుకు వెళ్లే దారీ ఉండేది. పరాయి ప్రభుత్వం పాటించిన ఆపాటి పద్ధతి మనకు బరువెందుకయిందో అర్థం కాదు.

2011 జనవరిలో ఈజిప్టు ప్రభుత్వం దేశమంతటా ఇంటర్నెట్‌ను ఆపితే లోకమంతా వెంటనే గుర్తించింది. తుర్కియే 2017 ఏప్రిల్‌లో వికీపీడియాను మూసింది. 2019 డిసెంబరులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం అది తప్పని తేల్చాక, మరుసటి నెలలో తిరిగి తెరుచుకుంది. దాదాపు మూడేళ్లు పట్టడం సిగ్గుచేటే. అయినా ఆపినదెవరో తెలిసింది గనుకే కోర్టు మెట్లెక్కగలిగారు.

మన దేశంలోనూ, ప్రాంతమంతటికీ ఇంటర్నెట్ ఆపే ఉత్తర్వులను ప్రచురించి తీరాలని 2020 జనవరి 10న అనురాధా భసిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జిల్లా మొత్తానికి ఆపితే బయటపెట్టవలసిన కాగితాన్ని, ఒక్క మనిషి రాతను ఆపితే దాచడంలో న్యాయమేమిటి?

కాబట్టి 16వ నియమాన్ని రద్దు చేసి, కారణాలతో కూడిన ఉత్తర్వు ప్రతిని రాసినవారికి ఇప్పించండి. దేశభద్రతకు సంబంధించిన వాక్యాలుంటే వాటి వరకు చెరిపి మిగతాది ఇవ్వవచ్చు. చట్టపరమైన కారణాలతో ఆపినట్టు పాఠకుడికి తెలిపేందుకు 2016లోనే 451 అనే సంకేతం అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చింది; టెలికాం సంస్థలు కనీసం దానినైనా తెరపై చూపేలా ఆదేశించండి.

భవదీయుడు,
నెల్లూరు పౌరుడు