నీ జడ కోసం కుట్టినవి

కొత్తవాడ, వరంగల్
ఆదివారం

బిడ్డా,

సద్దుల బతుకమ్మ రోజు నీ తల దువ్వుతున్నప్పుడు చూసిన సంగతి నీకు చెప్పలేదు. పండుగపూట మనసు కష్టపెట్టడం ఎందుకని ఊరుకున్నాను. రెండు కణతల దగ్గరా నీ జుట్టు పలచబడింది. నుదుటి అంచు వెంబడి తెగిన చిన్న వెంట్రుకలు దువ్వెనకు అందకుండా నిక్కబొడుచుకుని ఉన్నాయి. వెనక నువ్వు రోజూ రబ్బరు బ్యాండు వేసే చోట వేళ్లకు గరుకుగా తగిలింది. చాలా వెంట్రుకలు సరిగ్గా అక్కడికే తెగి ఉన్నాయి.

మొన్న నానమ్మను చర్మం డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లినప్పుడు నీ సంగతి కూడా అడిగాను. జుట్టును రోజూ ఒకే వైపుకు బిగించి లాగితే కుదుళ్లు అలిసిపోతాయట. దానికి ట్రాక్షన్ అలొపీసియా అని పేరు కూడా ఉంది. గ్రీన్‌లాండ్‌లో జుట్టును బిగించి ముడివేసుకునే ఆడవాళ్లలో దీన్ని గమనించి 1907లోనే ఒక వైద్యుడు రాశాడట. మొదట్లోనే గుర్తించి లాగడం మానేస్తే జుట్టు మళ్లీ వస్తుంది, ఏళ్ల తరబడి అలాగే లాగితే మాత్రం కుదురే మూసుకుపోతుంది అని ఆమె చెప్పింది. వెంట్రుక నెలకు ఒక సెంటీమీటరుకు అటూ ఇటూగా పెరుగుతుంది కాబట్టి తేడా కనిపించడానికి చాలా నెలలు పడుతుంది. చూడకుండా తాను ఏమీ తేల్చి చెప్పలేనని కూడా అంది. నువ్వు చదివేది నర్సింగే కదా, మీ ఆసుపత్రిలోనే ఒకసారి చూపించుకో. వాయిదా వేయకు.

ఇందులో నా తప్పు ఉంది. నీ బడి రోజుల్లో రెండు జడలు మడిచి రిబ్బను కట్టే ముందు కిరాణా పొట్లాల మీద వచ్చే సన్న రబ్బరు బ్యాండ్లు వేసేదాన్ని. "కళ్లు లాగుతున్నాయమ్మా" అని నువ్వంటే, "సాయంత్రం దాకా ఊడకూడదు" అని ఇంకో చుట్టు బిగించేదాన్ని. సాయంత్రం ఆ బ్యాండు తీస్తే దానికి చుట్టుకుని నాలుగైదు వెంట్రుకలు వచ్చేవి. వాటిని చూస్తూ కూడా నాకు ఆలోచన రాలేదు. బిగిస్తేనే నిలుస్తుందని నీకు నేర్పింది నేనే.

జంపఖానా మగ్గం పక్కన పెరిగినదానివి, నీకు పోగు సంగతి చెప్పనక్కర్లేదు. పోగు ఒక్కసారి లాగినందుకు తెగదు. రోజూ ఒకే చోట రాపిడి తగిలితే అక్కడ నూగు లేచి, పలచబడి, ఒక రోజు పుటుక్కున తెగుతుంది. వెంట్రుకా అంతే. పాత ఇంటి మీది గూన పెంకుల్లాగా దాని ఒంటి నిండా ఒకదాని మీద ఒకటి పరుచుకున్న సన్నని పొలుసులు ఉంటాయి. రబ్బరు ఆ పొలుసులను అంటుకుని లేపేస్తుంది. పెంకు లేచిన ఇంట్లో వాన కురిసినట్టే, పొలుసు లేచిన వెంట్రుక లోపలి నుంచి దెబ్బతింటుంది. కొన్ని బ్యాండ్లకు రెండు కొసలూ కలిపిన చోట చిన్న రేకు ముక్క ఉంటుంది. అది ఇంకా చెడ్డది. నీ దగ్గర అలాంటివి ఉంటే పారేయి. జుట్టుకు చిక్కుకుపోయిన బ్యాండును పీకకు, కత్తెరతో బ్యాండునే కత్తిరించు.

ఈ ఉత్తరంతో పాటు పంపిన పొట్లంలో ఆరు గుడ్డ బ్యాండ్లు ఉన్నాయి, మీరు స్క్రంచీ అంటారే, అవి. అమెరికాలో రోమీ రెవ్సన్ అనే పాటగత్తె తన జుట్టు పాడవుతోందని పైజామా నడుము పట్టీని చూసి ఇలాంటిది కుట్టి 1987లో పేటెంటు తీసుకుందని ఫోనులో చదివాను. చదివాక నాకు ధైర్యం వచ్చింది. ఇన్నేళ్లుగా లంగాలకూ పైజామాలకూ ఎలాస్టిక్ దూర్చిన చేతులకు ఇదేం పని! జానెడు ఎలాస్టిక్‌కు మూడింతల పొడవు గుడ్డ తీసుకున్నాను. కుట్టు లోపలికి తిప్పాను, ముడి ఎక్కడా బయటికి రాకుండా కొసలు ఒకదాని మీద ఒకటి పెట్టి కుట్టాను. చేత్తో తడిమి చూడు, ఎక్కడా గుచ్చుకోదు.

రెండు శాటిన్‌వి. అవి నున్నగా జారతాయి, డ్యూటీలో నిలవవు. రాత్రి వదులుగా జడ అల్లుకుని కొసన వేసుకో. రెండు నూలువి, రెండు వెల్వెట్‌వి, పగటికి. వెల్వెట్‌కు నూగు ఉంటుంది కాబట్టి బిగించకపోయినా జుట్టును పట్టుకుంటుంది. వెడల్పు గుడ్డ బరువును ఎక్కువ చోట్లకు పంచుతుంది, సన్న రబ్బరు ఒక గీత మీదే కోస్తుంది. ఫోను తీగలా మెలికలు తిరిగినవి కూడా మంచివేనని నీ స్నేహితురాలు అన్నదట. జుట్టు మీద అంత గీత పడనివ్వవు, నిజమే. కానీ వాటినీ నాలుగు చుట్లు బిగిస్తే లాభం లేదు.

డ్యూటీకి ముడి తప్పదని తెలుసు. జుట్టంతా లాగి ఒక్క బ్యాండుతో కట్టకు. ముందు వదులుగా జడ అల్లు, దాన్ని మెడ పైన చుట్టు, గుడ్డ బ్యాండు రెండు చుట్లే వేసి, యు పిన్నులు నాలుగు వైపుల నుంచీ గుచ్చు. బరువు పిన్నుల మీద పడుతుంది, కణతల మీద కాదు. కట్టుకున్నాక కనుబొమలు పైకెత్తి చూడు. నుదురు లాగినట్టు అనిపిస్తే ముడి మీద చెయ్యి పెట్టి కొంచెం ముందుకు జరుపు. ఒక రోజు కిందికి, ఒక రోజు కాస్త పైకి, చోటు మారుస్తూ ఉండు.

ఇంకొకటి, ఇది నువ్వు తప్పక వినాలి. పొద్దున తలస్నానం చేసి తడి జుట్టునే ముడివేసుకుని పరుగెత్తుతున్నావని నీ మాటల్లోనే తెలిసింది. తడిసిన వెంట్రుక సాగుతుంది, సాగినప్పుడు బలం తగ్గుతుంది, తొందరగా తెగుతుంది. రాత్రి డ్యూటీ లేని రోజు సాయంత్రమే తలస్నానం చేసి ఆరబెట్టుకో. గది చేరగానే ముడి విప్పు, వేళ్లతో తల నిమురుకో. తలనొప్పి తగ్గిందని నువ్వే ఫోను చేస్తావు.

బాపు చౌరస్తాకు వెళ్లి ఇంకో రంగు వెల్వెట్ తెస్తానన్నాడు. ఎలాస్టిక్ ఎంత కత్తిరించాలో నాకు తెలియాలి. జుట్టంతా పట్టుకుని జడ మొదట్లో ఒక దారం చుట్టి, ఆ దారం పొడవు స్కేలుతో కొలిచి చెప్పు. బిగించి చుట్టకు.

మీ అమ్మ