పూత పూసిన బుల్లెట్ల విషయమై అమ్మలుకు

విజయనగరం

చి. అమ్మలుకు నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నీ ఉత్తరమూ, దానితో పాటు నీ స్కోరు పుస్తకంలోని మూడు పేజీల ఫొటోలూ అందాయి. మీ విశ్వవిద్యాలయ రైఫిల్ క్లబ్బులోని పెద్దాయన మోలీ అనే పొడి పూసిన బుల్లెట్లతో (తూటా కొసన ఉండి ఎగిరిపోయే ముక్కలతో) తాను కూర్చిన తూటాలు ఇస్తానంటున్నారనీ, వాటిని వాడవచ్చునా అనీ అడిగావు. ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోదగిన సంగతి కాదు గనుక కూర్చుని రాస్తున్నాను. నా మాట ముందే చెబుతున్నాను: ఈ ఏడు వద్దు.

మోలీ అని మీరు అంటున్నది మాలిబ్డినం డైసల్ఫైడ్ పొడి. మాలిబ్డినం పొరకు ఇటూ అటూ గంధకం పొరలు చేరి, అలాంటి అరలు విస్తరాకుల దొంతరలా ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. ఏ ఆకుకు ఆ ఆకు గట్టిదే గాని ఆకుకూ ఆకుకూ మధ్య పట్టు తక్కువ కాబట్టి, పక్కనుంచి తోస్తే దొంతర జారిపోతుంది. గ్రాఫైటు గుణమూ ఇలాంటిదే గాని, అది బాగా జారడానికి గాలిలో కాస్త తేమ ఉండాలి. మోలీకి ఆ తేమే గిట్టదు. తెల్లగా ఉండే బోరాన్ నైట్రైడ్ పూతను కొందరు ఇష్టపడడానికి చేతులు నల్లబడకపోవడం ఒక కారణమైతే, మోలీ గాలిలో సుమారు 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆక్సైడుగా మారిపోతుండగా అది అంతకు దాదాపు రెండింతల వేడికి ఓర్చుకోవడం మరొక కారణం. జిడ్డు లేకుండా కడిగిన బుల్లెట్లను మోలీ పొడితోనూ చిన్న ఉక్కు గుండ్లతోనూ కలిపి డ్రమ్ములో గంటల తరబడి దొర్లిస్తే, గుండ్ల తాకిడికి పొడి రాగి తొడుగు మీద అతుక్కుంటుంది. మీ అమ్మ చేతికి కాటుక అంటినట్టే, ఆ బుల్లెట్లు ముట్టుకున్న వేళ్లకు నలుపు అంటుతుంది; ఆ చేతులతో ఏదీ తినకూడదు.

పొడి కందెన అంటే నాకు చిన్నచూపు లేదు. సైన్యం నుంచి వచ్చాక జూట్ మిల్లు మెయింటెనెన్సులో పనిచేసిన రోజుల్లో, నూనె పోసిన గొలుసుకు గోగునార దుమ్ము అంటుకుని పిండిముద్దలా గట్టిపడడం చూశాను, అదే చోట గ్రాఫైటు పెడితే ఆ బాధ తగ్గడమూ చూశాను. అయితే గొలుసు రాపిడి తగ్గితే తగ్గినంతా లాభమే గాని, బ్యారెల్ లెక్క వేరు. బుల్లెట్ రైఫ్లింగ్ గాడులలోకి (బ్యారెల్ లోపల మెలితిరిగిన గాడులలోకి) ఒరుసుకుంటూ దూరేటప్పుడు పెట్టే ఎదురుబలం వల్లనే వెనుకనున్న తుపాకి మందు సరిగా మండి పీడనం పెరుగుతుంది. పూత ఆ ఎదురును తగ్గిస్తుంది; పీడనం తగ్గుతుంది, దానితో వేగమూ సెకనుకు కొన్ని పదుల అడుగులు తగ్గుతుంది. ముప్పై అడుగులే తగ్గిందనుకున్నా వెయ్యి గజాల దగ్గర దెబ్బ అరడజను అంగుళాలకు పైగానే కిందికి దిగుతుంది. పైగా మీ 155 గ్రెయిన్ల (సుమారు పది గ్రాముల) బుల్లెట్ అంత దూరంలో ధ్వని వేగానికి దిగువకు పడిపోతే దాని నడక చెడుతుంది. అందుకని పూత పూసేవారు మందు కొద్దిగా పెంచి పోయిన వేగాన్ని తిరిగి రాబడతారు.

నేను సైన్యంలో 18 ఏళ్లు ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా, పనిచేసినవాణ్ణి గనుక ఈ ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. పూత బుల్లెట్‌కని పెంచిన మందు కొలతనే, పూత లేని బుల్లెట్ కింద ఎవరైనా ఏమరుపాటున పోశారంటే పీడనం హద్దు దాటవచ్చు. రెండు రకాల బుల్లెట్లూ రెండు రకాల కొలతలూ ఒకే బల్ల మీద ఉన్నచోట ఆ పొరపాటు ఏదో ఒకనాడు జరగక మానదని నా భయం. తూటా కూర్చిన మనిషి ఎంత నెమ్మదస్తుడైనా, కొలతను కాగితం మీద చూడకుండా ఆ తూటాను ఛాంబర్‌లో (బ్యారెల్ వెనుక తూటా కూర్చునే గదిలో) పెట్టవద్దు.

బ్యారెల్ ఎక్కువ కాలం మన్నుతుందన్న మాట కూడా నీ ఉత్తరంలో ఉంది. బ్యారెల్ అరిగేది ముఖ్యంగా గొంతు దగ్గర, అంటే ఛాంబర్ దాటగానే గాడులు మొదలయ్యే చోట, అదీ రాపిడి వల్ల కన్నా మండిన వాయువుల వేడి వల్ల. ఆ వేడిని ఏ పూతా ఆపదు, పెంచిన మందు దాన్ని తగ్గించదు. కాబట్టి ఆ మాటను నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను.

నిజంగా కలిగే మేలు ఒకటుంది. బుల్లెట్ తొడుగు రాగి గాడులలో అంటుకోవడం తగ్గుతుంది. అందుచేత శుభ్రం చేయకుండా ఎక్కువ తూటాలు కాల్చవచ్చు. 1990లలో అమెరికాలో టార్గెట్ షూటర్లు ఈ పూత మీద అంత మోజు పడడానికి ఇదే పెద్ద కారణం. ఒకే రోజు ఎనభై, వంద తూటాలు ఆపకుండా కాల్చేవారికి అది అక్కరకు వస్తుంది. నీ పోటీ అలాంటిది కాదు. ఇంగ్లండులోని బిస్లీ రేంజిలో జరిగే నీ కింగ్స్ ప్రైజ్ పోటీలో మొదటి దశలో 300, 500, 600 గజాల దగ్గర ఏడేసి, రెండో దశలో పదేసి, చివరి దశలో 900, 1000 గజాల దగ్గర పదిహేనేసి లెక్కకు వచ్చే దెబ్బలు, దూరానికి రెండేసి సైటర్లు (గురి సరిచూసుకోవడానికి కాల్చే, లెక్కకు రాని దెబ్బలు). ఏ సాయంత్రానికి ఆ సాయంత్రం చిందీ (తుడిచే గుడ్డముక్క) రాగి వల్ల నీలంగా రావడం మానేవరకు బ్యారెల్ తుడుచుకోవడానికి నీకు కావలసినంత తీరిక ఉంటుంది.

అంతకన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. కింగ్స్ ప్రైజ్ జరిగే బిస్లీ ఇంపీరియల్ మీటింగులో టార్గెట్ రైఫిల్ పోటీలకు నిర్వాహకులే తూటాలు ఇవ్వడం చిరకాలంగా వస్తున్న ఆనవాయితీ, ఆ బుల్లెట్లకు పూత ఉండదు. పూత బుల్లెట్లు కాల్చిన బ్యారెల్ లోపల ఒక పొర ఏర్పడుతుంది. అది నిలకడగా కుదిరేవరకు, మళ్లీ పూత లేని బుల్లెట్లతో పోయేవరకు, దెబ్బ తగిలే చోటు జరుగుతూనే ఉంటుంది. రాగిని కరిగించే ద్రావకానికి ఆ పొర కరగదు, రుద్దే పేస్టూ బ్రష్షూ కావాలి. పైగా అది క్లబ్బు రైఫిల్, నీ తరువాత ఇంకొకరు కాల్చేది. సర్వీసులో చేరిన కొత్తలో నేనే ఒకసారి, ఫైరింగ్ ముందురోజు బ్యారెళ్లకు నూనె పట్టించి, పొద్దున్నే పొడి చిందీ లాగించడం మరిచిపోయాను. మొదటి దెబ్బలు ఎటు పోయాయో ఎవరికీ అంతు పట్టలేదు, ఒక కుర్రవాడి క్లాసిఫికేషన్ (గురి పరీక్షలో తరగతి) పోయింది, తిట్లు నాకు పడ్డాయి, అవి న్యాయమైన తిట్లే. ఆనాటి నుంచి బ్యారెల్ లోపలి స్థితి మారడమంటే నాకు అంత జాగ్రత్త.

ఇక నీ పేజీలు. చివరి ఐదు దెబ్బలు గ్రూపు (ఒకచోట చేరిన దెబ్బల గుంపు) నుంచి విడిపోతున్నాయని, బ్యారెల్‌లో రాగి పేరుకోవడమే కారణమని నువ్వు అనుకుంటున్నావు. నేను మూడు పేజీలూ భూతద్దం పెట్టి చూశాను. దెబ్బలు పైకీ కిందికీ చెదరలేదు, కుడికి జరిగాయి. తూటా వేగంలో తేడా ఉంటే చెదురు నిలువుగా కనబడాలి, ముఖ్యంగా దూరం పెరిగినకొద్దీ. అడ్డంగా జరగడమంటే గాలి మారిందనో, రైఫిల్ ఒక పక్కకు వాలుతోందనో అర్థం. పదో దెబ్బ తరువాత స్లింగ్ (చేతికి బిగించే రైఫిల్ పట్టీ) కింద నీ ఎడమ చెయ్యి తిమ్మిరెక్కుతోందని నువ్వే నిరుడు రాశావు, అప్పుడు మోచెయ్యి కొద్దిగా లోపలికి జరిగి రైఫిల్ వాలుతుందేమో చూసుకో. ఆ జబ్బుకు బుల్లెట్ పూత మందు కాదు.

వచ్చే ఏడు నీకంటూ ఒక రైఫిల్ అమరి, అందులో నీకు ఇష్టమైన తూటాలు కాల్చే పోటీలకు వెళితే అప్పుడు పరీక్షించి చూడు, నేను వద్దనను. బ్యారెల్‌ను లోహం కనబడేదాకా శుభ్రం చేసి, బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టుకుని పూత లేనివి ముందు, పూత ఉన్నవి తరువాత, వేరువేరు రోజుల్లో, ఒక్కొక్కటి కనీసం నాలుగైదు గ్రూపులు కాల్చాలి. పూతకు మారాక మొదటి ఇరవై దెబ్బలను లెక్కలోకి తీసుకోకు. ఒక మంచి గ్రూపు చూసి మురిసిపోవద్దు, అలాంటివి నాసిరకం తూటాలతోనూ అప్పుడప్పుడు వస్తాయి. వానలో కాల్చిన రోజున పూత ఉన్న బ్యారెల్‌ను రాత్రి అలాగే వదలవద్దు. ఆ పొర కింద తేమ చిక్కి ఉక్కు పుండ్లుపడిందని కొందరంటారు, ఏమీ కాలేదని మరికొందరంటారు. ఉప్పుగాలికి గేటు బోల్టు ఒక్క వర్షాకాలంలో తినేసే కళింగపట్నం ఒడ్డున పుట్టినవాణ్ణి గనుక నేను మొదటివారి పక్షం.

పెద్దాయనకు నొచ్చుకోకుండా చెప్పు. ఆయన కొలతల కాగితం చూడడానికి ఇస్తే నాకూ ఒక ఫొటో పంపు. స్లింగ్‌ను ఒక రంధ్రం వదులు చేసి పదిహేను దెబ్బలు కాల్చి, ఆ పేజీ కూడా దానితో పాటే పంపించు.

ఇట్లు
మీ నాన్న