నాన్న రిపోర్టులోని 58 సెకన్లు

ప్రియమైన తమ్ముడికి, అక్క ఆశీస్సులు.

నిన్న రాత్రి నీ ఫోను పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. రక్త పరీక్ష రిపోర్టు చూసి నాన్న హెర్నియా ఆపరేషన్ వాయిదా వేసినందుకు కాదు. నీ వెనక నుంచి నాన్న "నా రక్తం చెడిపోయిందా, అడుగు" అన్న మాట వినబడింది, అందుకు. ఆ గాభరాలో నేను సగం చెప్పాను, సగం మింగాను. మిగిలినది ఇందులో రాస్తున్నాను. నిదానంగా చదివి నాన్నకు వినిపించు.

రిపోర్టు ఫోటో చూశాను. రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని కొలిచే పీటీ 12.4 సెకన్లు, ఆ పీటీనే అన్ని ల్యాబులకూ ఒకేలా చెప్పే అంకె ఐఎన్ఆర్ 1.0, ప్లేట్‌లెట్లు సరిపడా ఉన్నాయి. తేడా వచ్చింది, గడ్డకట్టడాన్ని మరో దారిలో కొలిచే ఏపీటీటీ పరీక్ష ఒక్కదానిలోనే. ఆ ల్యాబు హద్దు 25 నుంచి 36 సెకన్లయితే నాన్నకు 58 వచ్చింది. బాబాయి తన ఐఎన్ఆర్ 2.5 అని చెప్పి మిమ్మల్ని తికమక పెట్టాడట. ఆయన రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మందు వాడుతున్నాడు, ఆయనకు 2కు 3కు మధ్య ఉండాలి. నాన్నకు 1 ఉండటమే సరైనది.

ఆరేళ్లుగా నేను ఇక్కడ ల్యాబులో ఈ పరీక్షలే చేస్తున్నాను కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను. ఆ సెకన్లు గొట్టంలోవి, ఒంట్లోవి కావు. నీలం మూత గొట్టంలో ముందే సిట్రేట్ ద్రావణం ఉంటుంది. అది రక్తంలోని కాల్షియాన్ని పట్టి ఉంచి గడ్డకట్టనివ్వదు. మేము రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాను వేరుచేసి, గడ్డకట్టడాన్ని మొదలుపెట్టే రసాయనంతో పాటు కాల్షియాన్ని తిరిగి కలిపి, గడ్డ ఏర్పడే వరకు సెకన్లు లెక్కపెడతాం. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ అన్నది లెక్క. గొట్టం నిండకపోతే సిట్రేట్ ఎక్కువై, ఆరోగ్యవంతుడి రక్తం కూడా ఆలస్యంగా గడ్డకట్టినట్టు కనిపిస్తుంది. నాన్నకు నరం దొరక్క రెండుసార్లు గుచ్చి, సగం గొట్టం రక్తమే తీశారని నువ్వే అన్నావు. ఆ నమూనాను పరీక్షకు తీసుకోకుండా ఉండవలసింది. అందుకే ముందు పరీక్ష మళ్లీ చేయించు. గొట్టం గీత దాకా నిండాలి. గడ్డకట్టనివ్వని హెపారిన్ మందు ఎక్కించిన సూది నుంచి తీయకూడదు. రక్తం తీసిన నాలుగు గంటల లోపు పరీక్ష జరగాలి. అదే ల్యాబులో చేయిస్తే మంచిది. పీటీ ఏ ల్యాబులో చేసినా పోల్చుకోవడానికి 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐఎన్ఆర్ అనే ఉమ్మడి కొలత పెట్టింది. ఏపీటీటీకి అలాంటిది లేదు.

మళ్లీ ఎక్కువే వస్తే మిక్సింగ్ పరీక్ష అడుగు. నాన్న ప్లాస్మాలో అంతే ఆరోగ్యవంతుల ప్లాస్మా కలిపి చూస్తారు. సమయం మామూలుకు వస్తే గడ్డకట్టించే కారకాల్లో, అంటే రక్తంలోని ఆ పని చేసే ప్రొటీన్లలో, ఏదో తక్కువైందన్నమాట. రాకపోతే ఏదో అడ్డుపడుతోందన్నమాట. తక్కువైనంత మాత్రాన భయపడనక్కరలేదు. అమెరికాలో జాన్ హేగ్‌మన్ అనే రైల్వే ఉద్యోగికి ఆపరేషన్ ముందు పరీక్షలో రక్తం చాలా ఆలస్యంగా గడ్డకట్టింది. కానీ ఆయనకు జీవితంలో అతిగా రక్తం కారిందే లేదు. ఆయనలో లోపించిన పన్నెండో కారకానికి ఆయన పేరే పెట్టారు.

అడ్డుపడేవాటిలో ల్యూపస్ యాంటీకోయాగ్యులెంట్ అనే యాంటీబాడీ ఒకటి. ఆ పేరు చూసి, ఒంటి రక్షణ వ్యవస్థ తన ఒంటి మీదే తిరగబడే ల్యూపస్ జబ్బు అనుకోవద్దు. అది గొట్టంలో ఆలస్యం చేస్తుంది గాని, ఒంట్లో రక్తం గడ్డలు కట్టే స్వభావాన్నే పెంచవచ్చు. ఇన్‌ఫెక్షన్ తర్వాత కొన్నాళ్లు కనిపించి పోవచ్చు కూడా. అందుకే 12 వారాలు ఆగి మళ్లీ చూస్తారు.

నాకు నిజంగా భయం ఉన్నది ఒక్కదాని మీదే. పెద్ద వయసులో, అరుదుగా, ఒళ్లు తన ఎనిమిదో కారకాన్ని తానే అడ్డుకోవడం మొదలుపెడుతుంది. మిక్సింగ్‌లో మొదట అంతా బాగున్నట్టు కనిపించి, 37 డిగ్రీల వేడిలో గంటా రెండు గంటలు ఉంచాక మళ్లీ ఆలస్యం బయటపడుతుంది. అందుకే ఈ రోజే నాన్న చొక్కా విప్పించి వీపు, తొడలు, చేతులు చూడు. దెబ్బ తగలకుండానే పెద్ద పెద్ద నల్లటి కమిలిన మచ్చలు ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లు.

పోయిన ఏడాది నాన్నకు రెండు పళ్లు పీకినప్పుడు పది నిమిషాల్లో రక్తం ఆగిందని అమ్మ చెప్పింది. డాక్టరు గారికి ఆ సంగతి తప్పక చెప్పు. ఆ కాగితం మీది అంకె కన్నా నేను దానికే ఎక్కువ విలువ ఇస్తాను. ఆ తర్వాత ఏదైనా మారిందా అన్నది కూడా ఆలోచించి చెప్పు.

ఇంకొకటి. రక్తం పల్చబడిందిలే, గడ్డలు కట్టవులే అని నాన్న అనుకోకూడదు. హేగ్‌మన్ 1968లో కటి ఎముక విరిగి మంచాన పడ్డాక, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ చేరి చనిపోయాడు. ఈ ముక్క కూడా దాచకుండా చదువు. ఆపరేషన్ తర్వాత లేచి నడవమంటే నాన్న మొండికెయ్యకుండా నడవాలి.

కొత్త రిపోర్టు రాగానే, రక్తం తీసిన సమయం కనిపించేలా ఫోటో పంపు. అర్ధరాత్రి అయినా ఫోను చెయ్యి, మేలుకునే ఉంటాను.

ప్రేమతో,
అక్క