రఘూ, ఆ ఎప్సిలాన్ తీసెయ్‌రా

రఘూ,

నీ ఉత్తరం రాత్రి రెండుసార్లు చదివాను. నీ త్రీడీ ఆకారాల ప్రోగ్రామ్‌లో పెద్ద పెట్టెలోంచి చిన్న పెట్టెను తీసేస్తే బాగానే వస్తోంది, రెండిటినీ 30 డిగ్రీలు తిప్పి తీసేస్తే మాత్రం ఒక పక్క ఉల్లిపొర లాంటి రేకు మిగులుతోంది, ఒక్కోసారి ప్రోగ్రామ్ ఆగకుండా తిరుగుతూనే ఉంటోంది అన్నావు. ఇవి రెండు వేర్వేరు జబ్బులురా, నువ్వు రెండిటికీ ఒకే మందు వేస్తున్నావు.

ముందు ఆ రేకు సంగతి. రెండు పెట్టెలకీ ఒక ముఖం ఒకే తలంలో ఉంది కదా. తిప్పడానికి కొసైన్ 30 కావాలి, అంటే రూట్ 3లో సగం, డబుల్‌లో, అంటే కంప్యూటర్ దశాంశ సంఖ్యల్ని దాచుకునే మామూలు రకంలో, దానికి దొరికేది 53 బిట్లే, ఆపైన లెక్కలో ప్రతి మూలా తన దారిన తాను రౌండ్ అవుతుంది, దాంతో ఆ ముఖాలు ఇక ఒకే తలంలో ఉండవు. అంటే ఆ రేకు నీ కోడ్ పుట్టించింది కాదు, నువ్విచ్చిన అంకెల్లో నిజంగానే ఉంది. ముందు తీసేసి, తర్వాత తిప్పు. పోతుంది.

ఆగకపోవడమే అసలు జబ్బు. ఒక బిందువు మరో మూడు బిందువుల తలానికి పైనుందా, కిందుందా అన్నది ఆ నాలుగిటి కోఆర్డినేట్లతో కట్టే డిటర్మినెంట్ అనే సంఖ్య గుర్తు, ప్లస్సా మైనస్సా అన్నది, చూసి చెబుతున్నావు. విలువ సున్నా దగ్గరికొస్తే రౌండింగ్ ఆ గుర్తునే మార్చేస్తుంది. ఒక త్రిభుజం దగ్గర పైన అని, పక్క త్రిభుజం దగ్గర కింద అని జవాబొస్తే, రెండూ నమ్మిన ప్రోగ్రామ్ ఎటు పోతుంది చెప్పు?

నువ్వు పెట్టిన 0.000000001 ఎప్సిలాన్, అదే, తేడా ఇంతకంటే తక్కువైతే రెండూ ఒకటే అనుకునే హద్దు, దీన్ని ఆపదు. ‘ఎ’, ‘బి’ ఒకటే అంటుంది, ‘బి’, ‘సి’ ఒకటే అంటుంది, ‘ఎ’, ‘సి’ వేరంటుంది. పైగా కోఆర్డినేట్ కోటి దాటితే డబుల్‌లో పక్కపక్క సంఖ్యల మధ్య ఎడమే అంతకంటే ఎక్కువ.

ఆ గుర్తు తప్పకుండా కనుక్కోవడానికి కంప్యూటర్ శాస్త్రవేత్త జోనథన్ షెవ్‌చుక్ 1997లో రాసిన పద్ధతి నాకు ప్రాణం. మామూలు డబుల్‌లోనే లెక్క చేసి, ఇంతకు మించి తప్పు ఉండదని ఒక హద్దు కడతాడు, విలువ ఆ హద్దులోపల పడితేనే ఇంకా కచ్చితమైన లెక్కకి దిగుతాడు, అందుకే వేగం పెద్దగా పోదు. గుర్తు ఎప్పుడూ నిజమే. ఆయన కోడ్ ఎవరైనా వాడుకోవచ్చు, కంపైలర్‌లో వేగం కోసం లెక్కల వరస మార్చేసే ఫాస్ట్ మ్యాత్ మాత్రం ఆపెయ్, అది ఆన్‌లో ఉంటే ఆ రౌండింగ్ లెక్కలన్నీ చెడిపోతాయి.

ఒకటి మర్చిపోకు, కొత్తగా వచ్చే ఖండన బిందువులు మళ్లీ రౌండ్ అవుతాయి, తర్వాతి తీసివేతకి వాటిని నమ్మకుండా ఏ మూడు తలాలు కలిస్తే అవి వచ్చాయో దాచుకో. ఆదివారం ఆ రెండు పెట్టెల ఫైలు పంపు, కలిసి చూద్దాం.

నీ
వాసు